షోలాపురపు పాఠము: అధికారమును హృదయజ్ఞతయు

ప్రభుత్వ సంస్థలను నడపు పెద్ద యధికారులకు లెక్కలు తెలియవలెననియు, చట్టములు తెలియవలెననియు అందరు నొప్పుకొందురు. తమ క్రింద పనిచేయువారి మనస్సు కూడ తెలియవలెనని యెవరైన అన్నచో చిరునవ్వు నవ్వుదురు. అది దయాదాక్షిణ్యములకు సంబంధించిన మాటయే కాని పరిపాలనకు సంబంధించినది కాదని వారి తలంపు. ఈ తలంపు తప్పనియు, దానివలన సంస్థలు చెడుచున్నవనియు, చెడిన పిమ్మట ఆ నష్టమును మోయువారు అధికారులు గాక కార్మికులే యగుచున్నారనియు మా యభిప్రాయము. దీనికి దృష్టాంతము వెదకుటకు దూరదేశములకు పోనక్కరలేదు. హైదరాబాదునకు పడమరగా ఇంచుమించు 300 కిలోమీటర్ల దూరమున, మన తెలుగువారు తరతరములుగా నివసించు షోలాపురము చాలును.

ఆ పట్టణపు తూర్పు భాగమునకు పోయినచో మహారాష్ట్రమున నున్నామన్న సంగతి కొంతసేపు మరపునకు వచ్చును. సాఖర్ పేట, భద్రావతి పేట, దాజీ పేట, కన్నా చౌకు, అశోక చౌకు, పద్మనగరము అను వాడలలో వీధిని వినవచ్చునది తెలుగే, ఇంట వినవచ్చునదియు తెలుగే. పందొమ్మిదవ శతాబ్దమున నైజాము రాజ్యములోని తెలంగాణ జిల్లాలనుండి కరవులకును, పని లేమికిని తాళలేక వలసపోయిన పద్మశాలీలు అచ్చట స్థిరపడిరి. మార్కండేయునకు గుడి కట్టుకొనిరి. ఏటేట శ్రావణ పూర్ణిమనాడు ఆయన రథము నూరేగించుచున్నారు. పాఠశాలలు పెట్టుకొనిరి, మార్కండేయుని పేరనే సహకార వైద్యశాల నెలకొల్పుకొనిరి. తమలోని గంగాధర కూచన్, ధర్మన్న సాదుల్ గారలు లోకసభకు వెళ్లిరి. వారు నేయు షోలాపురపు దుప్పటియు, తువ్వాలయు ప్రభుత్వమువారి భౌగోళిక గుర్తింపును పొందినవి. గుంట మగ్గము పోయి మరమగ్గము వచ్చినది. మగవారు మరమగ్గము కడ నిలువగా ఆడువారు వేలకొలదిగా బీడీలు చుట్టి సంసారములు నడుపుచున్నారు. 2024 సంవత్సరము జనవరి 19వ తేదీన కుంభారి గ్రామమువద్ద 15,000 ఇండ్లు ఆ పట్టణపు మరమగ్గపు పనివారికిని, బీడీ పనివారికిని, వీధి వ్యాపారులకును ఇయ్యబడినవి. ఏండ్ల తరబడి సంఘములుగా నేర్పడి, కోరి, కొట్లాడి, కాచుకొని సాధించుకొనిన ఇండ్లవి. ఇట్టివారిని తమ మేలు తాము గ్రహింపలేని మూకయని యెవరును అనజాలరు.

ఇట్టి జనముతో మన ప్రభుత్వము యజమానిగా వ్యవహరించుట యెట్లు మొదలైనదో జ్ఞప్తికి తెచ్చుకొందము.

షోలాపురమున 1870 దశకమున పుట్టిన నూలు మిల్లొకటి యుండెను. షోలాపూర్ స్పిన్నింగ్ అండ్ వీవింగ్ కంపెనీ దాని పేరు. జనము దానిని పాత మిల్లు అనెడివారు. దేశమందలి పెద్ద మిల్లులలో నది యొకటి. మరాఠీ, కన్నడ, తెలుగు, ఉరుదూ భాషలవారు అందు ప్రక్కప్రక్కన పనిచేసిరి. 1949 సంవత్సరము జూలై 27వ తేదీన డైరెక్టర్లు మిల్లు మూసివేయబోవుచున్నామని కార్మికులకు నోటీసు ఇచ్చిరి. సరిగా నెల దినములకు, ఆగస్టు 27వ తేదీన, మిల్లు మూతవడినది. మిల్లు మూతవడిన పట్టణమున ఏమి జరుగునో వ్రాయనక్కరలేదు. కూలి రాదు; అంగడివాడు అప్పీయడు; అద్దె నిలిచిపోవును; మిల్లు జీతము నమ్ముకొని కుదిరిన పెండ్లి వెనుకకు పోవును.

ప్రభుత్వము ఊరకుండలేదు. 1950 జనవరి 9వ తేదీన అత్యవసర శాసన మొకటి ప్రకటించి ఆ కంపెనీ నిర్వహణమును తాను చేకొనెను. ఏప్రిలులో దాని స్థానమున పార్లమెంటు చట్టము వచ్చెను. పాత డైరెక్టర్లు తొలగిరి; ప్రభుత్వము నియమించిన డైరెక్టర్లు కూర్చుండిరి. వాటాదారులకు డైరెక్టర్ల నెన్నుకొను హక్కు పోయినది. ఒక్క కంపెనీ కొరకు ఒక చట్టము చేయబడుట దేశమున మిక్కిలి యరుదు. ఆ చట్టపు పీఠికలో కారణములు చెప్పబడినవి: నిర్వహణ లోపమువలనను, అశ్రద్ధవలనను అత్యవసరమగు వస్తువుయొక్క ఉత్పత్తికి భంగము కలిగినదట, సంఘమందలి యొకానొక వర్గమునకు తీవ్రమైన నిరుద్యోగము కలిగినదట. "ఒకానొక వర్గము" అను నీ మాటను పాఠకులు గుర్తుంచుకొనవలెనని మనవి. పనిచేయువారికి ఆ చట్టములో దొరకిన పేరు అదియే.

ఆ చట్టముపై రెండు పెద్ద వ్యాజ్యములు నడచినవి. చిరంజిత్‌లాల్ చౌధురి యను వాటాదారుడు తన హక్కులు పోయినవని సుప్రీముకోర్టు నాశ్రయించెను. 1950 డిసెంబరు 4వ తేదీన ముగ్గురు న్యాయమూర్తులు చట్టము చెల్లుననిరి; పతంజలి శాస్త్రిగారును, ఎస్. ఆర్. దాస్‌గారును చెల్లదనిరి. పిమ్మట ప్రభుత్వ డైరెక్టర్లు పూర్తిగా సొమ్ము చెల్లింపబడని వాటాలపై మిగిలిన మొత్తమును చెల్లింపుడని వాటాదారులను కోరగా ద్వారకాదాస్ శ్రీనివాస్ అను నాయన దావా వేసెను. 1953 డిసెంబరు 18వ తేదీన సుప్రీముకోర్టు ఈసారి చట్టము చెల్లదని తీర్పు చెప్పినది: నష్టపరిహార మీయకయే ఆస్తిని తీసికొనుట యగునని దాని హేతువు. ఈ తీర్పును, ఇట్టివి మరికొన్నియు కలిసి 1955లో రాజ్యాంగమునకు నాలుగవ సవరణము రాదగిన పరిస్థితిని కలిగించినవి. మన రాజ్యాంగ న్యాయమును చదువు ప్రతి విద్యార్థియు షోలాపురము పేరు నేర్చుకొనుట ఇందువలననే.

న్యాయవాద వృత్తిలోనున్న మేము ఈ రెండు తీర్పులను పెక్కుమార్లు చదివితిమి. వానియందలి తర్కమునకును, గాంభీర్యమునకును తల వంచుచున్నాము. ఐనను చదివినప్పుడెల్ల ఒక వెలితి మమ్ము బాధించుచునే యున్నది. వాటాదారుడు కక్షి, కంపెనీ కక్షి, ప్రభుత్వము కక్షి. మగ్గము నడపినవాడు కక్షి కాడు. అతని నిరుద్యోగము చట్టమునకు కారణమైనది. తీర్పులో అతని మాటకు చోటు లేకపోయినది. ఇది న్యాయమూర్తుల తప్పు కాదు. వారి ముందునకు వచ్చిన ప్రశ్న ఆస్తి హక్కును గూర్చినది. కాని ప్రభుత్వ నిర్వాహకుల ముందునకు వచ్చిన ప్రశ్న వేరు. డైరెక్టరు మారినాడు సరే. నిర్వహించు తీరు మారినదా? పాత డైరెక్టరునకు తెలియని దేది క్రొత్త డైరెక్టరునకు తెలిసినది? ఈ ప్రశ్న నడుగువారు లేకపోయిరి. తుదకు ఆ పాత మిల్లు శాశ్వతముగా మూతవడినది. అనంతరము అదే పట్టణమున రాష్ట్రప్రభుత్వ వస్త్రసంస్థ చేతిలోనికి వచ్చిన నర్సింగ్‌గిర్జీ మిల్లును మూతవడినది. యంత్రముల పాతదనము, నూలు ధరలు, మరమగ్గముల పోటీ, అప్పులు — ఇన్నియు కారణములే. మేము వానిని కాదనుట లేదు. కాని యజమాని మారినంతమాత్రమున సంస్థ మారదని షోలాపురము ఒకటికి రెండుమార్లు చూపినది.

మరి మారవలసినదేమి? ఇచ్చట నొక కొత్త మాటకు రావలసియున్నది. ఇంగ్లీషున ఎమోషనల్ ఇంటెలిజెన్సు అనబడు దానిని మన పాఠ్యగ్రంథములు ఉద్వేగ ప్రజ్ఞ యనుచున్నవి. మేము హృదయజ్ఞత యందుము. 1990లో సాలొవే, మేయర్ అను అమెరికా మనస్తత్త్వవేత్తలు దీనికి శాస్త్రరూప మిచ్చిరి. 1995లో డేనియల్ గోల్మన్ వ్రాసిన గ్రంథమువలన ఇది లోకమంతట ప్రచారమునకు వచ్చెను. తన మనస్సులోని కోపమును, భయమును, గర్వమును తాను గుర్తించుట; గుర్తించి అదుపులో నుంచుకొనుట; ఎదుటివాని మనస్సులో నేమున్నదో కనిపెట్టుట; కనిపెట్టి దానికి తగినట్లు మాటలాడుట, నడచుకొనుట — ఇంతే దీని సారము. దీనిని కొలుచు పద్ధతులను గూర్చి పండితులలో వివాదము కలదు. సామాన్యమైన తెలివికిని, స్వభావమునకును మించి దీనివలన ఎంత పని జరుగునన్న విషయమునను ఏకాభిప్రాయము లేదు. కావున ఇది సర్వరోగ నివారిణి యని మేము చాటబోము. కాని ఉన్న గుణమునకు కొలబద్ద సరిగా కుదరలేదని ఆ గుణమే లేదనుట తర్కము కాదు.

పైన జెప్పిన జూలై నోటీసునే తీసికొందము. మిల్లు నడవదని తెలిసిన పిమ్మట మూయకతప్పదు. దానిని ఎవరును నిందింపరాదు. ఐనను మూయుటకు పద్ధతు లున్నవి. గేటుపై కాగితము అంటించి లోనికి పోవుట యొక పద్ధతి. గేటు కడకు తానే వచ్చి, నష్టమెంతో, అది యెట్లు వచ్చెనో, బకాయి జీతము ఏనాడు చేతికి వచ్చునో, ప్రావిడెంటు ఫండు సంగతి యేమో, నివసించుచున్న గది ఖాళీ చేయవలెనా వలదా అను ప్రశ్నలకు నిలబడి జవాబు చెప్పుట మరియొక పద్ధతి. రెండవ పద్ధతివలన మిల్లు తెరువబడదు. ఒక్క రూపాయియు అదనముగా రాదు. కాని కార్మికుడు తాను మోసపోయితిననుకొనుచు ఇంటికి పోడు. మరునాడు సంస్థను తిరిగి నిలబెట్టవలసి వచ్చినచో ఆ నమ్మకమే మూలధనము. ఈ మూలధనము ఏ లెక్కల పుస్తకములోను కానరాదు గనుకనే దానిని పోగొట్టుకొనిన యధికారిని ఏ ఆడిటరును అడుగడు.

ఇట్టి సందర్భములను మేము మా వృత్తిలో కన్నులార చూచితిమి. మూతవడిన యొక మిల్లునకు చెందిన వృద్ధ కార్మికుడు తన గ్రాట్యుటీ కొరకు ఏండ్ల తరబడి తిరిగెను. తుదకు సొమ్ము వచ్చినది. ఆనాడు ఆయన మాతో సొమ్మును గూర్చి మాటలాడలేదు. ఇన్నేండ్లలో ఒక్క యధికారియైనను తనను కూర్చుండుమనలేదని మాత్రము చెప్పెను. ఆ మాట మేము మరువలేదు.

ఇచ్చట నొక ఆక్షేపణ రాగలదు, న్యాయమైన ఆక్షేపణయే. హృదయజ్ఞత యనునది తీయని మాటలకు మారుపేరు కాదా? పనివానిని అన్నా, తమ్ముడా యని పిలిచి కూలి తగ్గించువారు లేరా? ఉన్నారు. షోలాపురపు చేనేత కార్ఖానాలలోనే ఉండిరి. సావుకారును పనివాడును ఒకే కులమువారు, ఒకే యూరినుండి వలస వచ్చినవారు, కొందరు బంధువులు. పనివాడు సావుకారు ఆవరణలోనే కాపురముండెను. పెండ్లికి అడ్వాన్సు, చావునకు అడ్వాన్సు అచ్చటనే దొరకెను. వరుసలు పెట్టి పిలుచుకొనిరి. ఆ అడ్వాన్సు తీరనంతకాలము పనివాడు మరియొక మగ్గమునకు పోలేకపోయెను. ఎదుటివాని కష్టము నెరుగుట వేరు, ఆ యెరుకను అతనిని కట్టివేయుటకు వాడుకొనుట వేరు. కావున న్యాయము లేని హృదయజ్ఞత నేర్పరితనము మాత్రమే. ఇంకను చెప్పవలెనన్న వల. మేము కోరునది దానిని గాదు. హక్కుగా రావలసినది హక్కుగా ఇచ్చుచు, ఇచ్చునప్పుడు మనుష్యుని మనుష్యునిగా చూచుటను కోరుచున్నాము.

దీనికి ఎదురుకొనయందు ఆజ్ఞాపద్ధతి యున్నది. దాని ఫలితమును గూడ షోలాపురము చూచియే యున్నది. 1930 మే మాసమున గాంధీగారి నిర్బంధమునకు పిమ్మట ఆ పట్టణమున పోలీసు కాల్పులు జరిగినవి. జనము తిరుగబడగా కొన్ని దినములు ప్రభుత్వపు టధికారము అచ్చట లేకయే పోయెను. మే 12 మొదలు జూన్ నెలాఖరువరకు సైనిక శాసనము నడచినది. 1931 జనవరి 12వ తేదీన మల్లప్ప ధనశెట్టి, శ్రీకృష్ణ సార్డా, జగన్నాథ శిందే, కుర్బాన్ హుస్సేన్ అను నలుగురు ఉరిదీయబడిరి. పరిపాలనము తిరిగి నెలకొన్నది, విశ్వాసము నెలకొనలేదు. నేటికిని ఆ పట్టణము ఆ నలుగురి పేర్లనే తలచుకొనుచున్నది కాని ఆనాటి శాసనకర్తల పేర్లను గాదు. పరపరిపాలనమునకును ప్రభుత్వ సంస్థకును పోలిక యేమని యడుగవచ్చును. పోలిక యొక్కటే: భయమువలన పుట్టిన విధేయత భయపెట్టువాడు కనుమరుగైన క్షణమున పోవును.

ఈ విషయమును 1939లో కుర్ట్ లెవిన్ అను మనస్తత్త్వవేత్తయు ఆయన సహచరులును పిల్లలతోనే పరీక్షించి చూచిరి. బాలుర చిన్న సంఘములలో కొన్నింటికి అన్నియు తానే ఆజ్ఞాపించు నాయకుని, కొన్నింటికి అందరితో నాలోచించి నడపు నాయకుని, కొన్నింటికి ఏమియు పట్టించుకొనని నాయకుని ఇచ్చిరి. ఆజ్ఞాపించు నాయకుడు గది వదలిపోయిన వెంటనే పని కుంటువడెను. ఆలోచించి నడపు నాయకుడు పోయినను పని సాగెను. గోల్మన్ 2000 సంవత్సరమున నాయకత్వమును ఆరు తీరులుగా విభజించి, ఆజ్ఞాపద్ధతి అగ్నిప్రమాదము వంటి ఆపత్సమయమున పనికివచ్చునే కాని నిత్యము వాడినచో సంస్థలోని వాతావరణమును చెరచునని చెప్పెను. మన ప్రభుత్వ సంస్థలలో నిత్యము నడచుచున్నది ఏ పద్ధతియో పాఠకులే చెప్పగలరు; వారిలో పెక్కండ్రు ఆ కుర్చీలలోనో, ఆ కుర్చీల ముందరనో కూర్చున్నవారే.

ఐతే మన యధికారులు పుట్టుకతో కఠినులా? కారు. వారిని అట్లు చేయుచున్న కారణములు మూడు కలవని మాకు తోచుచున్నది.

మొదటిది బదిలీ. ఒక సంస్థకు అధిపతియై వచ్చినవాడు అచ్చటి పనివారి ముఖములు గుర్తుపట్టునంతలో మరియొక శాఖకు పోవును. తాను ఉండబోనని అతనికి తెలియును. అతడు ఉండబోడని పనివారికిని తెలియును. ఒకరి మనస్సు నొకరు తెలిసికొను శ్రమ ఎవరు పడుదురు?

రెండవది భయము. ఆడిటు, విజిలెన్సు, దర్యాప్తు — ఈ మూడింటి నీడలో ప్రతి నిర్ణయమును జరుగుచున్నది. అవినీతి నిరోధక చట్టమున, ప్రజాహితము లేకుండ ఇతరునకు లాభము కలిగించినచో దురుద్దేశము లేకున్నను నేరమగునన్న నిబంధన 2018వరకు ఉండెను. ఆ యేటి సవరణమువలన అది తొలగినది. నిబంధన తొలగినను అలవాటు తొలగలేదు. పనివానికి న్యాయముగా ఈయదగిన దానిని గూడ తానిచ్చినచో రేపు ఎవరేమందురో యని అధికారి కాగితమును పైకి పంపును. పైనున్న భయము క్రిందికి దిగునప్పటికి కాఠిన్యముగా మారుచున్నది. తన భయమును తాను గుర్తించుకొనుట హృదయజ్ఞతలో మొదటి మెట్టని పైన జెప్పితిమి. మన యధికారి తన భయమునకు నిబంధన యని పేరు పెట్టుకొనుచున్నాడు.

మూడవది భాష. షోలాపురపు నేతవాడలో కష్టము చెప్పుకొనువాడు తెలుగున చెప్పుకొనును. దరఖాస్తు మరాఠీలో వ్రాయించుకొనును. దానిపై ఉత్తరువు ఇంగ్లీషున సిద్ధమగును. మూడు భాషలు దాటునప్పటికి కష్టము పోయి అంశము మాత్రము మిగులును. ఇది షోలాపురమున మాత్రమే జరుగుచున్నదని రాజధానియందలి మనము అనుకొనరాదు. తెలుగు నేలపైన, తెలుగు అధికారికిని తెలుగు కార్మికునకును నడుమను ఇంగ్లీషు కాగితమే గోడగా నిలుచుచున్న కార్యాలయము లెన్ని లేవు?

చట్టము ఈ గోడను పడగొట్టుటకు ప్రయత్నింపకపోలేదు. 1929లో నియమింపబడి 1931లో నివేదిక నిచ్చిన విట్లీ కమీషను, పనివారిని చేర్చుకొనుటయు తీసివేయుటయు జాబరుల చేతిలో నుండగూడదనియు, మిల్లులలో లేబరు ఆఫీసరు లుండవలెననియు చెప్పెను. 1947 నాటి పారిశ్రామిక వివాదముల చట్టము నూరుమందియు ఆపైని పనివారున్న చోట యాజమాన్య ప్రతినిధులును, వారికి తక్కువ కాని సంఖ్యలో కార్మిక ప్రతినిధులును గల వర్క్స్ కమిటీ నేర్పరచుటకు వీలు కల్పించినది. సుహృద్భావమును పెంపొందించుటయే దాని పని యని చట్టమే చెప్పెను. 2020 నాటి పారిశ్రామిక సంబంధముల స్మృతియందును ఆ కమిటీ నిలిచియున్నది. ఇంతకంటె స్పష్టముగా చట్టము హృదయజ్ఞతను విధింపజాలదు. కాని కమిటీ సమావేశమున తేనీరు త్రాగి, కాంటీను సంగతి మాటలాడి, సంతకములు చేసి లేచిపోవుటను చట్టము ఆపజాలదు. చట్టము కుర్చీలను ఎదురెదురుగా వేయగలదు. వానిలో కూర్చున్నవారిచేత వినిపింపజాలదు.

వినుటను నమ్మినవారు మనలో లేకపోలేదు. వరాహగిరి వేంకటగిరిగారు రైల్వే కార్మికుల నడుమ పనిచేసి పైకి వచ్చినవారు. 1952లో కేంద్ర కార్మిక మంత్రియైనపుడు, ప్రతి తగాదాను ట్రిబ్యునలునకు పంపుటకంటె ఇరుపక్షములవారు ఎదురెదురుగా కూర్చుండి తేల్చుకొనుట మేలని వాదించిరి. అది గిరి మార్గమను పేర ప్రసిద్ధమైనది. బ్యాంకు ఉద్యోగుల విషయమున ట్రిబ్యునలు ఇచ్చిన తీర్పును ప్రభుత్వము మార్చగా 1954లో పదవి వదలుకొనిరి. మాటయిచ్చిన పిమ్మట మాట మార్చినచో వినుటకు అర్థము లేదని ఆ రాజీనామా చెప్పుచున్నది.

ఇంకను దగ్గరి దృష్టాంతము సింగరేణి. ఆ బొగ్గు సంస్థ 1990 దశకమున నష్టములలో మునిగి, ఖాయిలా పరిశ్రమల బోర్డు గడప తొక్కినది. గనులలో సమ్మెలు నిత్యకృత్యమైయుండెను. ఏ సంఘముతో మాటలాడినను మరియొక సంఘము ఒప్పుకొనకుండెను. అప్పులు చెల్లించుటకు గడువును, పొదుపును, యంత్రములును సంస్థను నిలబెట్టుటలో తోడ్పడినవి. కాని వానితోపాటు మరి రెండు పనులు జరిగినవి. 1998లో గుర్తింపు సంఘమునకు రహస్య బాలెటు పద్ధతిని ఎన్నికలు జరిగినవి. కార్మికుడు ఎవరి నోట మాటలాడదలచెనో యాజమాన్యము ఊహించుట మాని, అతనినే యడిగినది. లాభములు వచ్చిన పిమ్మట వానిలో కొంత వాటా కార్మికునకు ఇయ్యబడినది. ఆ పద్ధతి నేటికిని సాగుచున్నది. ఇందు తీయని మాటలు లేవు. అడుగుట యున్నది, ఇచ్చుట యున్నది. షోలాపురపు మిల్లున కొరవడినవి ఈ రెండే. సింగరేణి కార్మికునకు కష్టములు తీరినవని మేము చెప్పుట లేదు. ప్రభుత్వ సంస్థ యైనంతమాత్రమున గోడ తప్పదనుట అబద్ధమని చెప్పుచున్నాము.

విశాఖ ఉక్కు కర్మాగారమును పూర్తిగా విక్రయించుటకు 2021 జనవరిలో కేంద్రము సూత్రప్రాయముగా నంగీకరించినది. 2025 జనవరిలో అదే కేంద్రము దానికి 11,440 కోట్ల రూపాయల సహాయమును ప్రకటించినది. ఈ రెండింటి నడుమ గడచిన నాలుగేండ్లలో అచ్చటి కార్మికుని యింట ఎట్టి యనిశ్చయము నెలకొనియుండునో ఊహించుట కష్టము కాదు. విధానము మంచిదో చెడ్డదో వేరుగా చర్చింతము. విధానము నిర్ణయమగువరకు ఆ యనిశ్చయములో జీవించువానితో మాటలాడు బాధ్యత యెవరిది అను ప్రశ్న విధానముపై నాధారపడినది కాదు. అది ఏ సంస్థలోనైనను ఆ సంస్థ పెద్దదే.

కావున ఈ క్రింది సూచనలను ప్రభుత్వము యొక్కయు, పాఠకుల యొక్కయు ఆలోచనకు నివేదించుచున్నాము.

ప్రభుత్వ సంస్థాధిపతికి కనీసము అయిదేండ్ల స్థిరమైన కాలావధి యుండవలెను. పనిచేయువారి ముఖమెరుగని నాయకుడు వారి మనస్సు నెరుగజాలడు. ఆ కాలములో అతడు ఏడాదికి కొన్ని దినములైనను కార్ఖానాలోని వాడలలో గడపవలెను. తనిఖీ కొరకు గాదు, వినుట కొరకు.

అధికారి యోగ్యతను నిర్ణయించునపుడు పైవారి యభిప్రాయముతోపాటు క్రిందివారి యభిప్రాయమును గూడ పేర్లు బయటపడకుండ సేకరింపవలెను. ఇది క్రమశిక్షణను చెరచునని కొందరందురు. క్రిందివారికి తెలిసిన లోపము పైవారికి తెలియకుండుటయే ఎక్కువ చెరుపని మా యభిప్రాయము.

పనివారు మాటలాడు భాషను అధికారి నేర్చుకొనవలెను. షోలాపురమున పనిచేయువాడు మరాఠీతోపాటు తెలుగు నేర్చుకొనవలెను. మన దేశమునకు వచ్చిన బీహారు, ఒడిశా కార్మికులతో పనిచేయించువాడు వారి మాట నేర్చుకొనవలెను. ఇది అన్ని దిక్కులకు వర్తించు న్యాయము. మనవారికి పరాయి చోట కోరుదానిని మన చోట పరాయివారికి ఇయ్యనిచో మన కోరిక స్వార్థమగును.

కడపటిది, మా దృష్టిలో ముఖ్యమైనది: మూసివేత, బదిలీ, తొలగింపు, జీతము కోత — ఇట్టి చెడ్డ వార్త యేదియైనను సంస్థ పెద్ద తన నోట, తన కార్మికులకు, వారి భాషలో, లెక్కలతో సహా ముందుగా చెప్పవలెనని నియమ ముండవలెను. నోటీసు చట్టమునకు చాలును, మనుష్యునకు చాలదు. ఈ నియమమునకు ఖర్చు లేదు. కావలసిన దెల్ల తిట్లు పడుటకు సిద్ధపడి నిలుచుండు ధైర్యము. అట్లు నిలువజాలనివాడు ఎంత చదివినవాడైనను ఆ కుర్చీకి తగడు.

శిక్షణ తరగతులవలన ఇవి వచ్చునని కొందరు నమ్ముచున్నారు. మంచి హోటలులో రెండు దినములు కూర్చుండి హృదయజ్ఞతను గూర్చి ఉపన్యాసములు వినివచ్చిన అధికారి మూడవ దినమున వరండాలో నిలుచున్న గుమాస్తాను చూడకయే లోనికి పోవుట మన మెరిగినదే. నేతపని ఉపన్యాసములవలన రాదు. మగ్గము కడ కూర్చున్నవానికి పడుగులో ఒక పోగు తెగినచో చేతికే తెలియును. మగ్గమాపి, ఆ పోగును వెదకి, అతికి, తిరిగి నాడె వేయును. తెగిన పోగుల నటులే వదలి నేయుచు పోయినవాని గుడ్డ చూపునకు గుడ్డవలెనే యుండును, ఉతికిననాడు బయటపడును. మన ప్రభుత్వ సంస్థలు పెక్కు అట్టి గుడ్డలే.

షోలాపురపు చట్టము పనివారిని "ఒకానొక వర్గము" అన్నది. డెబ్బదియేండ్లకు పైగా గడచినవి. ఆ వర్గమునకు పేర్లు కలవు, ఇండ్లు కలవు, భాష కలదు. ఆ భాష మనదే. రాజధానిలో న్యాయవాదులుగను, ఇంజనీర్లుగను, అధికారులుగను ఉన్న తెలుగువారిలో నేతవాడలలోను, గనులలోను, పొలములలోను పుట్టి పైకి వచ్చినవారు పెక్కండ్రు కలరు. రేపు వారిలో నెవరైనను ఒక సంస్థను మూయవలసిన కాగితముపై సంతకము చేయవలసి రావచ్చును. సంతకము చేయుడని గాని, మానుడని గాని మేము చెప్పజాలము. చేసిన పిమ్మట గేటు కడకు పోవుడని మాత్రము చెప్పుచున్నాము.